దొరసానిలోంచి దొరను తప్పించినవాళ్లకు

మేడమ్ పోయారని నాకు బస్సులో తెలిసింది. కదిరి నుంచి అనంతపురం పోతున్నాను, ఆవిడను చూడడానికే. పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో ఎవరో "మన హిస్టరీ మేడమ్ ఇక లేరు" అని పెట్టారు. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడుతూనే ఉన్నాయి. పక్క సీటులో ఉన్నామె "ఏమైందమ్మా?" అంటే కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు పేపరు చూశాక ఏడుపు ఆగిపోయింది. జిల్లా పేజీలో కింద మూలన ఆవిడ ఫోటో. "మహిళా నాయకత్వంపై విశేష పరిశోధన చేసిన విశ్రాంత అధ్యాపకురాలు కన్నుమూత" అని శీర్షిక. లోపలంతా ఆవిడ తమ్ముడి పేరు, ఆయన పదవి, ఆయన్ని పరామర్శించడానికి వచ్చిన పెద్దమనుషుల పేర్లు. చనిపోయింది ఆయనేమో అనుకోవాలి తెలియనివాళ్లు.

మహిళా నాయకత్వమట! మేడమ్ నాయకత్వం గురించి జన్మలో ఒక్క ముక్క రాయలేదు. ఆవిడ రాసింది వేరే. డబ్బు పుచ్చుకుని మగవాళ్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఆజ్ఞాపించి, తిట్టి, అడిగితే బెత్తంతో నాలుగు వడ్డించి ఇంటికి పంపడమే వృత్తిగా బతికిన ఆడవాళ్ల చరిత్ర రాశారు. వాళ్ల గురించి ఎవరు రాసిపెట్టారు, ఎందుకు రాసిపెట్టారు, ఎవరి మాట మిగిలింది, ఎవరి మాట మాయమైంది అన్నది ఆవిడ జీవితకాలపు పని. ముఖం చిట్లించుకునేవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేసుకోవచ్చు. మేడమ్‌కి అలాంటివాళ్లు కొత్త కాదు, నాకూ కాదు.

నేను ధర్మవరం పిల్లను. మాది మగ్గం ఇల్లు. అనంతపురంలో డిగ్రీలో చేరినప్పుడు ఆవిడ మాకు చరిత్ర చెప్పేవారు. నల్లమాడ పక్క పల్లెలో భూములూ పేరూ ఉన్న ఇంటి ఆడబిడ్డ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "టైము కుదరలేదప్పా" అని ఊరుకునేవారు, అదేదో సినిమాకి పోవడం కుదరనట్టు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ వేయించిన చెనిక్కాయలు ఉండేవి. ఒలుచుకుంటూ, మాకు తలా నాలుగు గింజలు పంచుతూ పాఠం చెప్పేవారు. దిద్దిన పరీక్ష పేపర్లు తిరిగిచ్చినప్పుడు మడతల్లోంచి పొట్టు రాలేది.

రాజుల తేదీలు ఆవిడకు అక్కర్లేదు. శాసనం చూపించినా, కరువు కాలంలో తహసీల్దారు పైవాళ్లకు పంపిన రిపోర్టు చూపించినా, గోడ మీది సినిమా పోస్టరు చూపించినా ఒకటే అడిగేవారు. "ఇది ఎవరు రాసినారు? ఎవరికి చూపించల్లని రాసినారు?" ఒకసారి వెనక బెంచీ అమ్మాయి తుంటరిగా, "మరి తలరాత, మేడమ్?" అంది. "దేవుణ్ణి తెచ్చి కూర్చోబెట్టు, ఆయప్పనూ అదే అడుగుతా" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడిగేట్టు ఉన్నారు.

ఆవిడ పరిశోధన పేరు "వృత్తిగా స్త్రీ ఆధిపత్యం: చరిత్ర, ఆధారాలు". ఈ పేరు చూసి జిల్లాలో సగం మంది పెద్దలు బోల్తా పడ్డారు. స్త్రీ ఆధిపత్యం అంటే రాణులు, సర్పంచులు, పొదుపు సంఘాల లీడర్లు అనుకున్నారు. మార్చి నెల వస్తే చాలు, మహిళా దినోత్సవానికి రమ్మని శాలువా పట్టుకుని తయారు. విడపనకల్లులో అలాంటి సభకు నేనూ వెంట పోయాను. వేదిక నిండా అధికారులు, నాయకులు. ఎదురుగా ఎండలో ఆడవాళ్లు. మైకు పట్టుకున్నాయన ఎంతో మర్యాదగా, "మగవాళ్ల మీద పైచేయి ఎట్ల సాధించల్లో మేడమ్ తమ పరిశోధనలోంచి నాలుగు మాటలు చెప్తారు" అన్నాడు.

మేడమ్ నా వైపు ఒక చూపు చూసి లేచారు.

"పైచేయి అంటాండారు. నేను రాసిన ఆడోళ్ల పైచేతిలో బెత్తం ఉండేది. మగోళ్లు దుడ్లిచ్చి, వరసలో నిలబడి, బతిమాలి కొట్టించుకుని పోయినారు."

వేదిక మీదివాళ్లు అది హాస్యం అనుకుని నవ్వారు. కింద వెనక వరసలోంచి ఒకామె లేచి గట్టిగా అరిచింది. "మేడమ్, మేము ఊరికేనే కొడతాం! దుడ్లు కూడా వద్దు!" ఆడవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వారు. మేడమ్ మాత్రం ఆగకుండా, ఏ కాలంలో ఏ ఊళ్లో ఎవరెలా చేశారో పాఠం చెప్పినట్టే చెప్పుకుపోయారు. ఇది హాస్యం కాదని వేదికకు మెల్లగా అర్థమయింది. నవ్వులు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. తిరిగొచ్చేటప్పుడు జీపులో, "పేరు మార్చొచ్చు కదా మేడమ్" అన్నాను. "పేరు సరిగానే ఉండాది. చదివేది వాళ్లకు రాలేదు" అన్నారు, శాలువా నా ఒళ్లో పడేసి.

ఆ పొరపాటును తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో. మనిషి బతికుండగా అది పొరపాటు. సరిదిద్దడానికి ఆవిడ లేరని తెలిసి అదే మాట అచ్చువేస్తే అది దొంగతనం. నా కోపమంతా అందుకే.

ఇంతకీ ఆవిడ కనిపెట్టిందేమిటో చెప్పనివ్వండి, పేపరువాళ్లు ఎటూ చెప్పరు. ఈ వృత్తి నిన్నా మొన్నటిది కాదు. యూరపు నగరాల్లో ఎంతో కాలంగా ఇందుకోసమే నడిచిన ఇళ్లున్నాయి, వాటిని నడిపిన ఆడవాళ్లున్నారు. అయితే వాళ్లు మనకెక్కడ కనిపిస్తారు? కోర్టు కాగితాల్లో ముద్దాయిలుగా. డాక్టర్ల పుస్తకాల్లో మగవాడి జబ్బుకు కారణంగా. ఎగతాళి బొమ్మల్లో లావుపాటి రాక్షసులుగా. ఇక ఆడపేరు పెట్టుకుని మగవాళ్లు రాసుకున్న చాటుమాటు పుస్తకాలు సరేసరి. "కేసు రాసినోడు పోలీసు, రోగం రాసినోడు డాక్టరు, మజా రాసినోడు గిరాకీ. పని చేసిన మనిషి రాసింది యాడుండాది?" అనేవారు మేడమ్.

తర్వాతి కాలంలో ఆ ఊళ్లలో ఈ ఆడవాళ్లు చిన్న చిన్న కార్డులు అచ్చువేయించి టెలిఫోను బూతుల్లో అంటించేవాళ్లు. మునిసిపాలిటీ వాళ్లు పొద్దున చింపేస్తే సాయంత్రానికి మళ్లీ అంటించేవాళ్లు. చింపినవాటిని ఎవరో సరదాపడి దాచబట్టి అవి ఇప్పుడు చరిత్రకు ఆధారాలయ్యాయి. "తాము ఏం చేస్తామో తామే రాసుకున్న కాగితం అదొకటే. అది బూతులో ఉండాదని బూతు అనేసినారు" అని ఆవిడ అంటుంటే మాకు నవ్వాగేది కాదు. ఇక్కడ మన టీవీలు చేసేదీ అదే. ముఖాలకు చున్నీలు కప్పుకున్న ఆడపిల్లలను చూపించి "ముఠా గుట్టు రట్టు" అంటారు. వచ్చిన మగవాళ్ల చెప్పు కూడా కెమెరాలో పడదు.

ఈ పని చేసే మనిషికి తెలుగులో మాటేదని ఆవిడ చాలా కాలం వెతికారు. దొరికింది "దొరసాని". "సాని అంటే స్వామిని. ఏలే మనిషి. శాసనాల్లో గొప్పింటి ఆడోళ్ల పేర్ల చివర సాని ఉంటాది. దాన్ని తిట్టు చేసింది మనమే" అనేవారు. "దొరసానులు" అని శీర్షిక పెట్టి హైదరాబాదు పత్రిక ఒకదానికి వ్యాసం పంపారు. అది అచ్చయి వచ్చిన రోజు నేను ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. సంపాదకుడికి అంత పెద్ద మాట ఈ ఆడవాళ్లకు ఎక్కువనిపించింది కాబోలు, ముందున్న రెండక్షరాలూ కోసేశాడు. శీర్షిక "సానులు" అయింది. లోపల కూడా ప్రతిచోటా అంతే.

ఆవిడ అరవగా నేను విన్నది ఆ ఒక్క రోజే.

"చూసినావా పాపా? దొరను తీసేసి సానిని మిగిల్చినారు! ఎప్పుడూ ఇంతే ఆ దొర నాకొడుకు. పోలీసు వచ్చి పేరు రాసుకునే టయానికి గోడ దూకి పారిపోతాడు. ఈసారి ఎడిటరే నిచ్చెన వేసినాడు!"

దిద్దుబాటు వేయమని ఉత్తరం మీద ఉత్తరం రాశారు. వేయలేదు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని వేసుకునేవాళ్లకు నేనొకే షరతు పెట్టాను. దొరసాని అన్నచోట దొరసాని అనే ఉండాలి. కత్తెర పట్టుకునే సరదా ఉంటే చీర అంచులు కత్తిరించుకోమన్నాను.

పుస్తకాల్లో వెతికి వెతికి, చివరికి ఆవిడ బతికున్న మనిషి దగ్గరికే పోయారు. తనకల్లు పక్క పల్లె నుంచి బెంగళూరు చేరి ఈ పని చేస్తున్న ఒకామె ఉందని ఎలా తెలుసుకున్నారో నాకు చెప్పలేదు. నన్ను మాత్రం వెంటబెట్టుకుపోయారు. ఆమె పేరు నేను రాయను. తనకల్లు అక్క అంటాను, ఆమెకు ఇష్టమే.

నేనేదో ఊహించుకుని భయపడుతూ పోయాను. తలుపు తీసింది నూలుచీర కట్టుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకున్న మామూలు మనిషి. మా యాస వినగానే ముఖం విప్పారింది. "యా ఊరు మీది? రాండి, కూర్చోండి. సద్ద రొట్టె తింటారా?" అంది. బట్టల ఫ్యాక్టరీలో మొదలుపెట్టి, బ్యూటీ పార్లరులో చేరి, అక్కడికి వచ్చే ఒక కస్టమరు తనను తిట్టమని అడగడంతో ఈ దారిలోకి వచ్చింది.

"నాకు తిట్టేది ఒకరు నేర్పించల్లనా మేడమ్? ట్యాంకర్ వచ్చినపుడు మా అవ్వ బిందె పట్టుకుని తిట్టేది విన్నాంటే చాలు. అవే తిట్లు. ఆడ నీళ్లు రాలేదు, ఈడ దుడ్లు వచ్చినాయి."

మేడమ్ పగలబడి నవ్వారు. అక్క ఇంకా ఇంకా చెప్పింది. కోస్తావాళ్లు, హైదరాబాదువాళ్లు సీమ యాసలోనే తిట్టమని అడుగుతారట, సినిమాలు చూసి చూసి. కొట్టడం పెద్ద పని కాదట. ఎక్కడ ఆపాలో ముందే ఇద్దరూ మాట్లాడుకుని ఒక మాట పెట్టుకుంటారు, ఆ మాట వినబడిన క్షణం ఆపేయాలి. ఆమె పెట్టుకున్న మాట ఉగ్గాని, మా సీమలో పొద్దున తినే బొరుగుల టిఫిను. "అయ్యో, అమ్మా, చాలు అని ఊరికేనే అంటారు మేడమ్, అది ఆటలో భాగం. ఉగ్గాని అని మాత్రం ఊరికే ఎవడూ అనడు."

ఆ రోజు మొదలు మేడమ్ ఏళ్ల తరబడి అక్క మాటలు రికార్డు చేశారు. మొదట క్యాసెట్లు, తర్వాత చిన్న మిషను. తొలిరోజే అక్క ఒక షరతు పెట్టింది. "నా పేరు తీసేయండి మేడమ్. నా మాట మాత్రం తీసేయొద్దండి. నేను ఎట్ల చెప్పినానో అట్లే ఉండల్ల. ఇంకో కాపీ ఉండగూడదు, ఫోన్లలో తిరగగూడదు." మేడమ్ ఆమె చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నారు. ఆ మాట మీదే నిలబడ్డారు. అందుకే ఆ రికార్డులన్నీ ఉన్నది ఒక్కటంటే ఒక్కటే పెట్టెలో, వేరే నకలు లేదు. పోలీసూ డాక్టరూ గిరాకీ కాకుండా, ఈ పని చేసిన మనిషే తన నోటితో తెలుగులో చెప్పుకున్నది ఆవిడకు దొరికింది అదొక్కటే.

పోయిన ఏడాది మేడమ్‌కి జబ్బు చేసింది. బెంగళూరు ఆసుపత్రికి తిప్పిందీ, రాత్రీపగలూ కాచుకున్నదీ ఆ తమ్ముడే. కాదనను. అక్కంటే ఆయనకు ప్రాణం. చివర్లో నేను పోయినప్పుడు మేడమ్ ఆయన ముందే నా చెయ్యి పట్టుకుని, "ఆ పెట్టె ఈ పాపకు ఇయ్యల్ల నాయనా" అన్నారు. "సరేక్కా, అట్లే ఇస్తాలే" అన్నాడు. కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. నేను నమ్మాను.

పేపరులో ఆ వార్త వచ్చిన రోజే తనకల్లు అక్క నాకు ఫోన్ చేసింది. ఏడ్చింది. ఏడ్చాక అడిగింది. "పాపా, నా మాట యాడుండాది?"

నేను తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎవరో అనుచరుడు ఎత్తి, పెద్దకర్మ అయ్యాక మాట్లాడతారన్నాడు. నాకు లోపల ఏదో తేడా కొట్టింది. పెద్దకర్మ రోజునే పోదాం అన్నాను. అక్క బెంగళూరు నుంచి కారులో వచ్చి కదిరిలో నన్ను ఎక్కించుకుంది. ధర్మవరం పట్టుచీర కట్టుకుంది, మేడమ్‌కి మా చీరలంటే ఇష్టమని.

పల్లె మొదట్లోనే ఫ్లెక్సీ. "మహిళా నాయకత్వ జ్యోతికి అశ్రునివాళి". చుట్టూ ఉన్న నాయకుల తలలు మేడమ్ తల కంటే పెద్దవి. అక్కకు చదవడం నిదానం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఎవరీమె?" అంది. నాకు ఆ క్షణం ఆ ఫ్లెక్సీ చింపేయాలనిపించింది.

షామియానా కింద జనం. తమ్ముడు తెల్ల చొక్కాలో వచ్చినవాళ్లకు దండాలు పెడుతున్నాడు. పోయి పెట్టె అడిగాను. "ఏ పెట్టెమ్మా?" అన్నాడు. నేను గుర్తుచేశాను. ఆయన లోపలికి పోయి అట్టపెట్టె పట్టుకొచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. నా చేతికివ్వలేదు. నన్ను దాటుకుని వెనక దొడ్లోకి, వంటలు జరుగుతున్న పొయ్యిల వైపు నడిచాడు.

"సార్, అది మేడమ్ నాకు ఇయ్యమన్నారు. మీ ముందే చెప్పినారు!"

"చెప్పింది. జబ్బు మనిషి, ఏదో చెప్పింది. ఇందులో ఏముండాదో నేను విన్నా. రవ్వంత విన్నా, చాలు. రేపు ఎవడో ఒకడు ఫోన్లో పెట్టి ఊరంతా తిప్పుతాడు. మా అక్క ఇట్లాటి ఆడోళ్ల కాడ కూర్చున్నాదని తెలిస్తే మేము తలెత్తుకుని తిరగల్లనా వద్దా?"

"అది మీ అక్క బతుకంతా చేసిన పని!"

"మా అక్క పేరు నేను కాపాడుకుంటా. నేసేటోళ్ల పిల్లవి, మా ఇంటి పరువు నీకేం తెలుస్తాది? పో, పోయి భోంచేయి."

నేను అరిచాను. నిజంగా గొంతు చించుకుని అరిచాను. దొంగ అన్నాను, మాట తప్పినవాడు అన్నాను. ఆయన వెనక్కి కూడా తిరగలేదు. జనం అరుపులు వినీ వినీ పండిపోయిన చెవులవి. వడ్డించే ఆడవాళ్లు గంటెలు పట్టుకుని నిలబడిపోయారు. పొయ్యిలో ఇంతలావు తుమ్మమొద్దులు మండుతున్నాయి. ఆయన ఆ వేడికి ముఖం పక్కకు తిప్పుకుని పెట్టె ఎత్తాడు.

"కింద పెట్టు."

ఆ గొంతు పెద్దది కాదు. కోపంగా కూడా లేదు. తనకల్లు అక్క గడప దాటి దొడ్లోకి వచ్చి నిలబడి ఉంది.

ఆయన తిరిగి చూశాడు. ఎవరు నువ్వు అనడానికి నోరు తెరిచాడు.

"చెప్పినా కదా. పెట్టు."

ఆయన వంగి పెట్టె కింద పెట్టాడు. మండలాన్ని ఆడించే మనిషి, పదిమంది అనుచరులు చూస్తుండగా, ఒక్క ముక్క ఎదురు చెప్పకుండా పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే అర్థమయినట్టు లేదు.

"ఎనక్కి జరుగు."

జరిగాడు.

"చేతులు?"

ఆయన తన చేతుల వంక ఒకసారి చూసుకుని, రెండూ ముందుకు తెచ్చి కట్టుకున్నాడు.

అక్క నా వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడినట్టే, "తీస్కో పాపా. బరువుంటే చెప్పు, నేనొక చెయ్యేస్తా" అంది. ఇద్దరం చెరోపక్కా పట్టుకుని బయటికి తెచ్చాం. మాకు ఎవరూ అడ్డం రాలేదు. కారులో పెట్టి తలుపేశాక అడిగాను.

"ఆయన నీకు ముందే తెలుసా అక్కా?"

"ఈయప్ప తెల్దు" అంది, కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంటూ. "ఇట్లాటోళ్లు తెల్సు."

కారు తిరిగేటప్పుడు ఇంటి పక్క సందులోంచి దొడ్డి కనిపించింది. వంటమనిషి పెద్ద గిన్నె మోసుకుంటూ ఆయన్ని తప్పించుకుని పోతున్నాడు. ఒక అనుచరుడు కుర్చీ తెచ్చి వెనక వేసి ఏదో చెబుతున్నాడు. ఆయన మిట్టమధ్యాహ్నపు ఎండలో, చేతులు కట్టుకుని, మేం నిలబెట్టిన చోటే నిలబడి ఉన్నాడు. కదలమని ఆమె చెప్పలేదు మరి.